ఎనిమిది రెక్కల గరిటె

మా జనరల్ మేనేజరు షెన్ గారికి రేడియో తరంగాల గురించి ఏమీ తెలియదని మా వాళ్లు చాటుగా అనుకునేవారు. అది అన్యాయం. ఆయనకు తెలుసు, కాకపోతే తప్పుగా తెలుసు. ఏమీ తెలియని మనిషి ఊరుకుంటాడు. తప్పుగా తెలిసిన మనిషి ఆర్డరు వేస్తాడు. గుయిషాన్ ఫ్యాక్టరీల పేటలో మా పరీక్షశాల కష్టాలన్నీ ఈ చిన్న తేడాలోంచే పుట్టాయి.

మా పని చెప్పడానికి తేలిక. జనం కొనుక్కునే యంత్రాల పక్కన ఫోన్లు, రేడియోలు పనిచేస్తుంటే అవి బుద్ధిగా ఉంటాయా, పిచ్చెత్తిపోతాయా అని చూసి చెప్పాలి. అందుకు ఒక ఇనుప గది ఉంది. గోడలు, నేల, కప్పు, తలుపు అన్నీ ఇనుమే. లోపల తరంగాలను వదిలితే బయటికి దారి లేక గోడలకు కొట్టుకుని తిరుగుతుంటాయి. ఒకచోట పోగుపడతాయి, జానెడు పక్కన అసలుండవు. పరీక్షకు పెట్టిన యంత్రం అదృష్టవశాత్తూ ఆ లేనిచోట కూర్చుందంటే పాసైపోతుంది. అందుకని గదిలో ఓ మూల నేల నుంచి కప్పు దాకా లోహపు రెక్కల స్తంభం ఒకటి నిలబెట్టి, కొంచెం తిప్పి ఆపి, మళ్లీ తిప్పి ఆపి, తరంగాలను కలుపుతాం. పుస్తకాల్లో దానికి గౌరవమైన పేరేదో ఉంది. మేమందరం గరిటె అంటాం.

మా పాత గరిటె తుఫానుకు లేచిపోయిన రేకుల కప్పులా ఉండేది. ఒక రెక్క పొడుగు, ఒకటి పొట్టి, ఇంకొకటి మధ్యలో విరిచినట్టు వంగి, ఏదీ మరోదానిలా ఉండేది కాదు. నాకు ముందు ఇక్కడ పనిచేసిన ఇంజనీర్లు కావాలనే అలా కట్టించారు. గరిటె పనితనాన్ని కొలవడం పెద్ద విద్యేం కాదు. తిప్పి ఆపిన ప్రతిచోటా గదిలో తరంగాల పంపకం ఎంత మారిందో చూడాలి. మారితే అది కలుపుతున్నట్టు, మారకపోతే ఊరికే తిరుగుతున్నట్టు. వంకర ఎంత ఎక్కువైతే కలపడం అంత బాగుంటుంది. ఇది షెన్ గారి సౌందర్య దృష్టికి నచ్చలేదు.

ఆయన ఒకసారి జపాన్ అతిథులను వెంటేసుకుని వచ్చి ఇనుప గది తలుపు తీయించారు. అతిథులు గరిటెను చూసి గౌరవంగా తలూపారు. షెన్ గారికి మాత్రం పరువు పోయింది. అంతకు ముందు మూడు నెలలుగా ఆర్డర్లు తగ్గడానికి కారణం కూడా ఆయనకు అప్పటికప్పుడే దొరికింది. వెంటనే వాస్తు మాస్టారు కో గారిని పిలిపించారు. మాస్టారు తలుపు దగ్గరే నిలబడి, లోపలికి ఓ చూపు చూసి, షెన్ గారి చెవిలో ఏదో చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు. ఆ చెవిలోంచి బయటికి వచ్చేసరికి ఆ మాట ఇలా తయారైంది: కొత్త గరిటెకు ఎనిమిది రెక్కలుండాలి, ఎనిమిదీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండాలి, అది చుట్టూ తిరుగుతూ సరిగ్గా ఎనిమిది చోట్లే ఆగాలి. మా వైపు ఎనిమిదంటే లాభం. లాభం చేదా?

కొత్త గరిటె వచ్చింది. అద్దంలో మొహం చూసుకోవచ్చు, అంత నునుపు. గది ముందు బల్ల వేసి, పండ్లు పెట్టి, అగరొత్తులు వెలిగించి, అందరం వరుసగా నిలబడి దండం పెట్టాం. యంత్రాలు మాట వినాలని వాటి మీద చిరుతిండి పెట్టడం మా వైపు ఆచారం కాబట్టి, కంట్రోలు గదిలో యంత్రం మీద కొబ్బరి రుచి చిరుతిండి ఆకుపచ్చ ప్యాకెట్టు కొత్తది మార్చాం. ఆకుపచ్చదే ఉండాలి. పసుపుది పెడితే యంత్రం మొండికేస్తుంది, తేదీ దాటింది పెడితే పగబడుతుంది. ఈ విషయంలో మాకెవరికీ అభిప్రాయభేదాలు లేవు. నేనూ ఇంజనీరునే, నేనూ తేదీ చూసే పెట్టాను.

గరిటె తిరిగింది. మొదటిచోట ఆగింది, కొలిచాం. రెండోచోట ఆగింది, కొలిచాం. అదే అంకె. మూడోచోటా అదే. ఎనిమిదో చోటా అదే. ఎందుకు రాదు? ఎనిమిదో వంతు తిరిగేసరికి ఒక రెక్క ఉన్నచోటికి పక్క రెక్క వచ్చి నిలబడుతుంది. రెండూ ఒకటే. తరంగాలకు రెక్కల పేర్లు తెలియవు కదా. గానుగెద్దులా గరిటె రోజంతా తిరిగినా, లోపల మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

ఈ మాట చెబుదామని గ్రాఫు పట్టుకుని షెన్ గారి గదికి వెళ్లాను. నిలువుగా ఎనిమిది గీతలు, అన్నీ ఒకే ఎత్తు. ఆయన కళ్లు చెమర్చాయి.

“ఏమయ్యా లియావ్, పాతదానితో ఆగినచోటల్లా ఒక అంకె వచ్చేది. ఇప్పుడు ఎనిమిది చోట్లా ఒకటే. ఇంకేం కావాలయ్యా నీకు?”

“అదే సార్ ఇబ్బంది. మారాలి సార్. మారలేదంటే కలపలేదన్నమాట.”

“అడిగినప్పుడల్లా మాట మార్చేవాణ్ణి నమ్ముతావా, ఒకే మాట మీద నిలబడేవాణ్ణి నమ్ముతావా?”

మనుషుల సంగతి వేరు, గరిటె సంగతి వేరని చెప్పి చూశాను. కనీసం ఆపే చోట్లయినా మార్చనివ్వమన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆయన ఆ గ్రాఫును పటం కట్టించి వచ్చేవాళ్లు కూర్చునే గదిలో తగిలించారు. కింద బంగారు రంగు అక్షరాలతో ‘స్థిరత్వం’ అని రాయించారు. పక్కన తన ఫొటో ఉంది. ఇక ఆ గ్రాఫు తప్పనడమంటే ఆ ఫొటోను తప్పనడమే.

నా కింద పనిచేసే షూమిన్ నోరు మంచిది కాదు. “అన్నా, ఒక్క గరిటే ఏంటి, మన ఆఫీసంతా ఇంతే కదా. ఏడాదికోసారి మేనేజర్లని కుర్చీలు మారుస్తారు. కూర్చున్న మొహాలన్నీ ఒకటే,” అంది. నేను నవ్వాను. అప్పటికి అది నవ్వే విషయమే.

తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది.

షెన్ గారి బావమరిది హౌ గారు కరెంటుతో నడిచే చక్రాల కుర్చీలు తయారుచేయడం మొదలుపెట్టారు. కుడిచేతి కింద చిన్న కర్ర ఉంటుంది, ఎటు వంచితే అటు పోతుంది. మా దగ్గర పాసైతే మొదటి కుర్చీని దానం చేస్తామని, ఫొటోలు పేపర్లో వస్తాయని చెప్పారు. ఎవరికి దానం? మా గేటు ఎదురుగా పొద్దున్నే టిఫిను కొట్టు నడిపే లియన్ పిన్నికి.

పిన్ని చేతి గుడ్డు అట్టు తినని మనిషి మా పరీక్షశాలలో లేడు. ఆవిడ మోకాళ్లు ఎప్పుడో పోయాయి. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో పెనం గట్టు పట్టుకుని, స్టూలును ఈడ్చుకుంటూ పెనం నుంచి సోయా పాల గిన్నె దాకా, గిన్నె నుంచి పెనం దాకా తిరుగుతుంది. వీపు వెనకే గిన్నె, ఎప్పుడూ సలసలా మరుగుతూనే ఉంటుంది. కొట్టు ముందు టాక్సీలు వరుసగా ఆగుతాయి. వాళ్లకు రేడియోలు. మా గేటు కాపలా మామకు వాకీటాకీ. అందరూ అక్కడే నిలబడి అరుచుకుంటూ తింటారు. కుర్చీ వస్తే మాజు అమ్మవారి గుడికి ఎవరి సాయమూ లేకుండా తనే వెళ్తానని పిన్ని ప్రతివాడికీ చెబుతోంది. అట్టుతో పాటు ఆ మాట కూడా ఉచితంగా వడ్డిస్తోంది.

కుర్చీని ఇనుప గదిలో చెక్కదిమ్మల మీద పెట్టి, చక్రాలు గాలిలో ఉండేలా చూసి, సీటులో బియ్యం బస్తా కూర్చోబెట్టి పరీక్ష చేశాం. గరిటె ఎనిమిది చోట్ల ఆగింది. కుర్చీ ఎనిమిదిసార్లూ కదల్లేదు. ఎందుకు కదులుతుంది? మేము చేసింది ఒకే పరీక్ష, ఎనిమిదిసార్లు. కుర్చీ పాసైందని రిపోర్టు నా బల్ల మీదకి వచ్చింది. కింద నా ముద్ర పడాలి.

వేయలేదు. ఆ కుర్చీలో ఎక్కడో తరంగాలకు లొంగే తీగ ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మా గరిటె దాన్ని వెతకనే లేదు. ఆ తీగ ఉందో లేదో కనిపెట్టే పని పిన్ని వీపుకూ, పాల గిన్నెకూ అప్పజెప్పడం నా వల్ల కాలేదు. రోజూ ఆవిడ దగ్గర తిని, అదే మూతితో సరేననడం ఎలా?

షెన్ గారు రెండుసార్లు కబురు పంపారు. మూడోసారి తనే వచ్చి, ప్యాకెట్టు తేదీ చూశావా అని అడిగారు. దానం చేసే రోజుకు పంచాంగం చూసి మంచి ముహూర్తం పెట్టారట, నా కోసం ఆగదట. ముద్ర వేయకుండా కూర్చుంటే చాలదని నాకు తెలుసు, ఎందుకంటే ముద్ర వేసే అధికారం ఉన్న రెండో మనిషి ఆయనే. గరిటె మారాలి, కానీ గరిటె తప్పని ఎవరూ అనకూడదు. పిల్లి మెడలో గంట కట్టాలి, పైగా అది నగ అని పిల్లిని నమ్మించాలి.

షూమిన్ అంది: “అన్నా, ఈయన మన మాట వినడు. ఎవరి మాట వింటాడో వాళ్ల దగ్గరికే పో.”

అనాసపండు కేకుల పెట్టె కొనుక్కుని కో మాస్టారి దగ్గరికి వెళ్లాను. స్కూటర్లు బాగుచేసే షాపు మేడ మీద ఆయన గది. మా సంగతంతా విన్నారు. విని, ఒక కేకు తిని, మూతి తుడుచుకున్నారు.

“ఎనిమిది రెక్కలని నేనెప్పుడన్నానయ్యా? ఆ రేకు కొస తలుపు వైపు చూస్తోంది, వచ్చేవాళ్ల కంట్లో గుచ్చుకుంటుంది, జాగ్రత్త అన్నా. అంతే.”

“మరి ఒకేలా ఉండాలని?”

“అది ఆయన సొంత కవిత్వం. నా ఖాతాలో రాశాడు.” ఆయన రెండో కేకు విప్పారు. “ఇంతకీ నీకేం కావాలి? వంకరలా?”

“అవును మాస్టారూ. ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. ఆగే చోట్లు కూడా పెరగాలి.”

“ఎవరికైనా చెడు జరుగుతుందా?”

జరగకుండా ఉండటానికే అన్నాను. పిన్ని సంగతి చెప్పాను. ఆయన చేతిలోని కేకును మళ్లీ పెట్టెలో పెట్టేశారు. తర్వాత, శాస్త్రం కూడా అదే చెబుతుందిలే అన్నారు. ఏ శాస్త్రమో నేను అడగలేదు.

మాస్టారు మర్నాడే దిక్కులు చూసే పలకతో వచ్చారు. ఇనుప గదిలో అడుగుపెట్టగానే దానిలోని సూది గంగవెర్రులెత్తింది. చుట్టూ ఇనుముంటే ఎత్తక ఏం చేస్తుంది? కానీ షెన్ గారి మొహం పాలిపోయింది. మాస్టారు పలకను ఆయనకు చూపించి గంభీరంగా నిట్టూర్చారు. రెక్కలు ఎనిమిది, ఇక్కడ పనిచేసేవాళ్లూ ఎనిమిదిమంది, అయినా ఏ రెక్కకూ తన మనిషెవరో తెలియదన్నారు. అందుకని ఒక్కో రెక్కను ఒక్కో మనిషి పుట్టిన ఏడాది జంతువును బట్టి వంచాలి. వరుసలో మొదటిదైన ఎలుకకు అన్నిటికన్నా తక్కువ, చివరిదైన పందికి అన్నిటికన్నా ఎక్కువ. జంతువులు పన్నెండు కాబట్టి గరిటె పన్నెండు చోట్ల ఆగాలి, లేకపోతే మిగతా జంతువులు నొచ్చుకుంటాయి. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. తలెత్తితే నవ్వొచ్చేలా ఉంది.

షెన్ గారిది డ్రాగన్ ఏడు. వరుసలో అయిదోది కాబట్టి మధ్యస్తంగా వంగాలి. ఆఫీసు బాయ్‌ది పంది ఏడు. అతని రెక్క తన రెక్క కన్నా ఎక్కువ వంగడం ఆయనకు నచ్చలేదు. ఎక్కువ వంగేవాడే చిన్నవాడు కదా అని మాస్టారు సర్దిచెబితే, మొహం వెలిగింది. ఇంకో చిక్కు, నేనూ షూమిన్ ఇద్దరమూ పులులం, తను నాకన్నా పన్నెండేళ్లు చిన్నది. రెండు రెక్కలు ఒకేలా వంగితే నాకు మళ్లీ తలనొప్పి. షూమిన్ ఏమాత్రం తడుముకోకుండా తనది కుందేలు ఏడని, కార్డులో తప్పు పడిందని చెప్పింది. సైన్సు కోసం వయసు తగ్గించుకున్నవాళ్లను నేను అదే మొదటిసారి చూడటం.

రెక్కలు వంచడానికి కొత్త గరిటె చేసిన రేకుల పనివాళ్లే వచ్చారు. తిన్నగా ఉండాలని మొన్నే కదా మా ప్రాణాలు తీశారని సణుక్కుంటూ, మాస్టారు సుద్దముక్కతో గీసిన గీతల ప్రకారం వంచారు. సాయంత్రానికి గరిటె అందవికారంగా తయారైంది. నాకు మాత్రం కడుపు నిండింది. కొలిచి చూస్తే పన్నెండు చోట్లకూ పన్నెండు రకాల గీతలు. ఒకటి కొండ, ఒకటి గుంట, ఏ రెండూ కలవవు. షూమిన్ నా భుజం చరిచింది. చాలా రోజులకు ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను.

మంచి గరిటె అమరింది కాబట్టి కుర్చీ మంచి పేరుతో మళ్లీ పాసవుతుందని షెన్ గారి నమ్మకం. బావమరిదిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని తెర మీద చూశారు. బియ్యం బస్తా మళ్లీ సీటెక్కింది. గరిటె ఒకటోచోట ఆగింది, రెండోచోట ఆగింది, కుర్చీ బుద్ధిగా ఉంది. అయిదోచోట ఆగి, తరంగాలు వదిలామో లేదో, ఎడమ చక్రం వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

కర్రను ముట్టుకున్నవాళ్లు లేరు. గదిలో మనిషే లేడు. చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది, బస్తా ఊగుతోంది. గరిటె ఆరోచోటికి జరగ్గానే ఏమీ ఎరగనట్టు చక్రం ఆగిపోయింది. నాకు పాల గిన్నె కళ్ల ముందు కనిపించింది.

ప్యాకెట్టు మార్చమన్నారు షెన్ గారు. మార్చాం. మళ్లీ మొదటి నుంచి తిప్పాం. మళ్లీ అయిదోచోట, అదే చక్రం, అదే వెనక్కి. హౌ గారు గొంతు సవరించుకున్నారు. “బావా, రెక్కలు వంచకముందు పాసైంది కదా?”

షెన్ గారి మొహంలో ఆలోచన పుట్టడం నేను కళ్లారా చూశాను. అలాంటివి చూసే భాగ్యం మాకు అరుదు.

“అవును. తిన్నగా ఉన్నప్పుడు పాసైంది. వంచాక ఫెయిలైంది. మరి ఏది మంచి గరిటె?”

“సార్, ఫెయిలయ్యేదాన్ని పట్టుకునేదే మంచి గరిటె.”

“లియావ్, జనం మన దగ్గరికి పాసవడానికి వస్తారు. ఫెయిలవడానికి ఎవడైనా వస్తాడటయ్యా?”

ఈ రెండో పరీక్ష జరగలేదనుకోమన్నారు. రెక్కలను మళ్లీ తిన్నగా చేయించమన్నారు. నా బల్ల మీది పాత రిపోర్టు తీసుకుని, జేబులోంచి తన ముద్ర తీసి, ఎర్ర సిరాలో ఒత్తి, కాగితం కింద గట్టిగా వేశారు. అంత చక్కగా, అంత తిన్నగా పడిన ముద్రను నేను మళ్లీ చూడలేదు.

మాలాంటి పరీక్షశాలలను తనిఖీ చేసే పైవాళ్లకు రాయొచ్చు, రాశాను కూడా. వాళ్లు వచ్చి, చూసి, టీ తాగి తేల్చేసరికి పిన్ని ఆ కుర్చీలో ఎన్ని వేల అట్లు వేసి ఉంటుంది? ముహూర్తం ముందురోజు కొట్టు సర్దే వేళకు ఆవిడ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. చక్రం సంగతి, రేడియోల సంగతి, గిన్నె సంగతి. ఆవిడ పెనం గీకుతూ వింది. వాకీటాకీ దగ్గరుంటే నిజంగా అలా అవుతుందా అని ఒక్కమాట అడిగింది. అవ్వొచ్చు, ఎప్పుడవుతుందో చెప్పలేం అన్నాను. సరే, రేపు నువ్వొక వాకీటాకీ పట్టుకురా అంది.

మర్నాడు కొట్టు ముందు ఎర్ర గుడ్డ పరిచారు. కుర్చీకి రిబ్బను కట్టారు. ఫొటోగ్రాఫరు, హౌ గారు, కో మాస్టారు, మా ఎనిమిదిమందీ, టాక్సీవాళ్లూ, తినడానికి వచ్చి ఇరుక్కుపోయినవాళ్లూ. షెన్ గారు స్థిరత్వం గురించి మాట్లాడారు. నేను కాపలా మామ దగ్గర వాకీటాకీ అడిగి తీసుకుని, కుర్చీకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. దాని మీద వేలు కూడా పెట్టలేదు. ఊరికే పట్టుకున్నాను.

షెన్ గారు చేయి చాచి పిన్నిని కూర్చోమన్నారు. పిన్ని స్టూలు మీంచి లేవలేదు. పెద్దవాళ్లు, చేతి చలవ ఉన్నవాళ్లు ముందు కూర్చుంటే కుర్చీకి మంచిదంది.

“మీరు కూర్చోండి సార్. మీ ముద్రేగా దానికి.”

అందరూ చప్పట్లు కొట్టారు. షెన్ గారు నవ్వుతూ కుర్చీ దగ్గరికి వచ్చారు. కుర్చీ చేతుల మీద చేయి వేశారు, నడుం వంచారు. అప్పుడు ఆయన చూపు నా చేతి మీద పడింది. వాకీటాకీని చూశారు, నన్ను చూశారు. ఆయన వెనకే పాల గిన్నె మరుగుతోంది. వంచిన నడుం అలాగే ఆగిపోయింది. ఆయన రెక్క మధ్యస్తంగా వంగాలని మాస్టారు సరిగ్గానే చెప్పారు.

“ఇవాళ... రోజు అంత బాగున్నట్టు లేదు,” అన్నారు నిటారుగా లేచి.

“రోజు బంగారంలా ఉంది,” అన్నారు కో మాస్టారు జేబులోంచి పంచాంగం తీసి. “కూర్చునే మనిషిని బట్టి ఉంటుంది.”

టాక్సీవాళ్లలో ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ ఫొటో తీసేశాడు. పరీక్షలో పాసైందని తను ముద్ర వేసిన కుర్చీలో షెన్ గారు కూర్చోలేదు. హౌ గారు రిబ్బనుతో సహా కుర్చీని వ్యానెక్కించుకుని పోయారు. ఆ సాయంత్రం నా బల్ల మీద పాత రిపోర్టు చింపిన ముక్కలుగా కనిపించింది. రెక్కలు తిన్నగా చేయించమన్న ఆర్డరును ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

ఇక్కడితో న్యాయం గెలిచిందనుకునేవాళ్లకు మా షెన్ గారు తెలియదన్నమాట. నెల తిరిగేసరికి వచ్చేవాళ్లు కూర్చునే గదిలో పటం మారింది. పన్నెండు గీతలు, కొండలూ గుంటలూ. కింద బంగారు అక్షరాలతో ‘మార్పు’. పక్కన అదే ఫొటో. అతిథులొస్తే ఆయనే ఇనుప గది తలుపు తీయించి, ఎనిమిదిమంది జాతకాలతో తను స్వయంగా రూపుదిద్దిన గరిటె అని చూపిస్తున్నారు. వాళ్లు గౌరవంగా తలూపుతున్నారు. నాకు మాత్రం ఆ ఏడాది మార్పుల్లో పక్క గది కుర్చీ వచ్చింది. పని అదే, కిటికీ లేదు.

చక్రాల కుర్చీ మళ్లీ వచ్చింది. చేతికర్ర నుంచి మోటారుకు పోయే తీగ పొడుగ్గా వేలాడుతూ ఉండేదట. దాన్ని పొట్టి చేసి, తరంగాలను అడ్డుకునే నల్ల ఉంగరం లాంటిదొకటి తొడిగారు. గరిటెను పన్నెండు చోట్లా ఆపాం. నాకు తృప్తి చాలక మొదటి నుంచి ఇంకోసారి తిప్పించాను. చక్రం మెదల్లేదు. రిపోర్టు కింద ఈసారి నా ముద్రే వేశాను, కొంచెం వంకరగా పడింది.

పొద్దున్నే ఆ రిపోర్టు తీసుకుని, కుర్చీతో పాటు పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆవిడ కాగితం వైపు చూడనైనా చూడలేదు.

“అదెందుకురా నాకు, అట్టు చుట్టుకోనా? మామ దగ్గర ఆ వాకీటాకీ పట్టుకురా.”

తెచ్చాను. ఆవిడ పెనం గట్టు పట్టుకుని, పళ్లు బిగించి, స్టూలు మీంచి కుర్చీలోకి మారింది. ఎప్పటిలాగే వీపు పాల గిన్నె వైపు.

“నొక్కు.”

గిన్నెను కాస్త పక్కకు జరపనా అని అడిగాను.

“గిన్నె రోజూ అక్కడే ఉంటుంది. నొక్కు.”

మీట మీద బొటనవేలు పెట్టాను. అది కదల్లేదు. పన్నెండు చోట్లా నేనే చూశాను, రెండేసి సార్లు చూశాను, ఆ కొలతల మీద నాకు ఏ అనుమానమూ లేదు. అయినా వేలు కదల్లేదు. కాగితం మీద ముద్ర వేసినప్పుడు ఇంత భయం వేయలేదు. గిన్నెలోంచి ఆవిరి ఆవిడ మెడ మీదుగా లేస్తోంది.

“ముద్ర వేశావుగా?” అంది పిన్ని.

“వేశాను పిన్నీ.”

“మరి?”

నొక్కాను. గేటు దగ్గర రెండో వాకీటాకీలోంచి గరగరమంది, ఎవరది అని కాపలా మామ గొంతు వచ్చింది. కుర్చీ కదల్లేదు. పిన్ని నన్నే చూస్తోంది. నేను వేలు తీయకుండా, ఆవిడ చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగాను, అడుగుకోసారి ఆగుతూ, ఎడమ పక్కన, వెనక గిన్నెకూ కుర్చీకీ మధ్య సందులో, కుడి పక్కన. కుర్చీ కదల్లేదు.

అప్పుడు ఆవిడ కర్రను తనే వంచింది. కుర్చీ మెల్లగా పెనం వైపు తిరిగింది. పిండి పోసి, గుడ్డు పగలగొట్టబోతూ, ఒకటా రెండా అని అడిగింది. వాకీటాకీ ఇంకా నొక్కే ఉంచానని అప్పుడు చూసుకుని వేలు తీసి, రెండు అన్నాను.